పక్షాంతరం

చిలుంగా
ఫిబ్రవరి

గౌరవనీయ ప్రతిపక్షమా,

జేబులో ఫోను పెట్టుకుని ఇదేం కాగితాల పిచ్చి అని నువ్వు నవ్వుతూ ఉంటావు. ఈ ఊళ్ళో సిగ్నలు కావాలంటే మిషను ఆసుపత్రి నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. ఎక్కగలను, కానీ ఫోనులో నీతో వాదించను. ఫోనులో గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు, కాగితం మీద మాట నిలిచినవాడు గెలుస్తాడు. విశ్వవిద్యాలయంలో చర్చావేదిక మెట్ల మీద కూర్చుని ఈ సూత్రం చెప్పింది నువ్వే. అందుకే డొడోమా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ప్రాంతీయ విద్యా కార్యాలయంలో మషాకా అంటే ఎవరైనా చూపిస్తారని అతనికి చెప్పాను. అంత గొప్పవాడివి అయ్యావో లేదో ఈ ఉత్తరం చేరడాన్ని బట్టి తేలుతుంది.

నిన్న రెండో ఫారం పిల్లలకు సమీకరణాలు మొదలుపెట్టాను. బోర్డు మీద x + 3 = 10 అని రాసి, x ఎక్కడుందో, ఎంతో కనుక్కోమన్నాను. అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. లెక్క రాక దిక్కులు చూస్తున్నారనుకున్నాను. చివరి బెంచీ నుంచి ఒకడు లేచి, "కనుక్కునేదేముంది మేడమ్, మా ఇంటి గోడ మీదే ఉంది" అన్నాడు.

"మా ఇంటి మీదా ఉంది."

"మా వంటింటి మీద కూడా వేసి పోయారు మేడమ్, మా నాన్నమ్మ రోజూ పేడతో చెరుపుతాది, మళ్ళీ కనిపిస్తాది."

రోడ్డు వెడల్పు చేయబోతున్నారు. పడగొట్టవలసిన ప్రతి మట్టి ఇంటి మీదా రోడ్ల వాళ్ళు ఎర్ర రంగుతో x గీసి పోయారు. మనం పుస్తకాలలో అజ్ఞాతరాశి అని చదువుకున్న అక్షరం ఈ పిల్లలకు బాగా తెలిసిన అక్షరం. అది వస్తే ఇల్లు పోతుంది. ఓటమి ఒప్పుకోవడం నా స్వభావం కాదు గనుక, "సరే, మరి దాని విలువ ఎంత?" అని అడిగాను. "ఏమీ లేదు మేడమ్. రోడ్డు జాగాలో కట్టుకున్నోళ్ళకి ఏమీ ఇయ్యరంట" అని జవాబు. ఎవరూ నవ్వలేదు.

అసలు విషయం ఇంకా ఉంది. ఇక్కడ ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడకూడదు. స్వాహిలీలో మాట్లాడి దొరికిన పిల్ల మెడలో సాయంత్రం దాకా చెక్కపలక వేలాడుతుంది. అందుకని నేనూ ఇంగ్లీషులోనే, బోత్ సైడ్స్ నుంచి మూడు తీసేయండి అని చెప్పాను. వాళ్ళు బుద్ధిగా రాసుకున్నారు. పుస్తకాలు తిప్పి చూద్దును కదా, ప్రతిదానిలోనూ ఒకటే మాట: "బోసి సైదీ నుంచి మూడు తీసేయాలి." బోసి సైదీ ఈ ఊరి పెద్ద. రోడ్డుకు అటువైపు పెట్రోలు బంకూ గెస్ట్‌హౌసూ ఆయనవే. అసలు పేరు సైదీ, జనం మర్యాదకు ముందు 'బాస్' తగిలించి బోసి చేశారు. ఒకమ్మాయి నిజంగా ఆందోళనపడి చెయ్యెత్తింది: "మేడమ్, ఆయన దగ్గర్నుంచి మూడు తీసేస్తే ఊరుకుంటాడా?"

పేరడిగితే సికుజువా అంది. "పేరే 'తెలియలేదు' అని పెట్టుకుంది, దీనికి లెక్కేం తెలుస్తాది మేడమ్" అని పక్కపిల్ల ఎత్తిపొడిచింది. పిల్ల కడుపులో ఉన్న సంగతి చాలా నెలల దాకా వాళ్ళమ్మకు తెలియలేదట, అదే పేరయింది. ఆ క్లాసులో అడగవలసిన ప్రశ్న అడిగింది మాత్రం ఈ ఒక్క తెలియనిదే.

కాబట్టి నీ కార్యాలయానికి నా సవాలు. అర్థమయ్యే భాషలో చెప్పనిస్తారా, ఊరి పెద్ద నుంచి మూడేసి తీయిస్తూ కూర్చోమంటారా?

నీ అధికార పక్షం,
అయికాండే


డొడోమా
మార్చి

గౌరవనీయ ప్రతిపక్షమా (ప్రతిపక్షం ఎప్పటికీ నువ్వే, మరిచిపోకు),

ఉత్తరం చేరింది. అంటే గొప్పవాణ్ణే. నన్ను తనిఖీ విభాగానికి వేశారు. కొత్త కుర్చీ గుండ్రంగా తిరుగుతుంది. నీ ఉత్తరం దానిలో తిరుగుతూనే చదివి, బోసి సైదీ దగ్గర కింద పడబోయాను. పక్క గదిలో ముసలి గుమాస్తా "ఏమైంది బాబూ, జీతం పెరిగిందా?" అని తొంగిచూశాడు.

ఇక లెక్క సంగతి. అయికా, నువ్వు ప్రతి పిల్లనూ తత్త్వవేత్తను చేయాలని చూస్తావు. నవంబరులో జాతీయ పరీక్ష ఉంది. దానికి తత్త్వం అక్కర్లేదు, పక్షాంతరం చాలు. సమానం గుర్తుకు ఇటు ఉన్న మూడును అటు విసిరెయ్యమను, దాటగానే కూడిక తీసివేత అయిపోతుందని చెప్పు. ఎందుకని అడిగినవాణ్ణి మోకాళ్ళ మీద నిలబెట్టు. నేను అలాగే పాసయ్యాను. ఈ దేశంలో కుర్చీలలో కూర్చున్నవాళ్ళందరూ అలాగే పాసయ్యారు.

భాష సంగతా? మన తీర్మానం నేను మరిచిపోలేదు. "అర్థం కాని భాషలో చెప్పిన నిజం కంటే అబద్ధం మేలు, అది కనీసం అర్థమవుతుంది" అని నేనన్నప్పుడు హాలంతా బల్లలు చరిచింది, నన్ను భుజాల మీద ఎత్తుకుని భోజనశాల దాకా మోశారు. మొక్కజొన్న ఉగాలి ముద్ద కూడా భుజాల మీదే తినిపించబోయారు. కనుక తలుపు వేసుకుని మన భాషలో చెప్పుకో. తనిఖీకి ఎవరొస్తారు? నేనే కదా వచ్చేది! నా చెవులు నీ పక్షమే.

మషాకా


చిలుంగా
మే

గౌరవనీయ ప్రతిపక్షమా,

నీ పక్షాంతరం క్లాసులో ప్రయోగించాను. నిన్ను ఓడించడానికే ప్రయోగించానని వేరే చెప్పనక్కర్లేదు. దాటితే గుర్తు మారుతుంది అని బోర్డు మీద రాసీ రాయకముందే సికుజువా లేచింది.

"ఎందుకు మారుతాది మేడమ్?"

"దాటింది కాబట్టి."

"దాటితే మారిపోవాలా? మా మామ ఇక్కడ్నించి కెన్యా సరిహద్దు దాటిపోయాడు. అక్కడా తాగుబోతే."

ఆ ప్రశ్నకు నీ దగ్గర మోకాళ్ళ శిక్ష ఉంది. నా దగ్గర జవాబు ఉంది. కిరాణా కొట్టు నుంచి రెండు పళ్ళేల త్రాసు అడిగి తెచ్చాను. తలుపు వేశాను, మన భాషలోకి దిగాను. ఒక పళ్ళెంలో వేరుశనగల మూట, పక్కన మూడు రాళ్ళు. రెండో పళ్ళెంలో పది రాళ్ళు. మూట విప్పకుండా లోపల ఎంతుందో చెప్పాలి. "ఇటు మూడు రాళ్ళు తీస్తే?" అన్నాను. "అటు బరువైపోద్ది." "మరి?" "అటూ మూడు తీయాలి!" అని అరిచారు. చూశావా, ఏదీ దాటలేదు. ఏదీ వేషం మార్చలేదు. ఇటు చేసిన పనే అటూ చేశాం, అంతే. దూరం నుంచి చూసేవాడికి రాయి ఇటు నుంచి అటు దూకి గుర్తు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. నీ పక్షాంతరం దూరం నుంచి చూసేవాడి గణితం, అధ్యక్షా! బల్లలు చరచవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

ఇప్పుడు 'బోత్ సైడ్స్' అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. అయినా ముద్దుకు ఇంకా బోసి సైదీ అనే అంటారు. "బోసి సైదీ నుంచి ఐదు తీసెయ్యరా!" అని ఒకరి లెక్క ఒకరు దిద్దుకుంటారు.

ఇక నవ్వులేని సంగతి. సికుజువా తండ్రి న్దహానీ బస్సు కిటికీల దగ్గర ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతాడు. మొన్న బడికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. "మేడమ్, ఇల్లెలాగూ పోతాది. నవంబరు పరీక్ష పాసైతే ఎక్కడో ఒకచోట పడుకుని చదువుకుంటాది. కాకపోతే దార్ ఎస్ సలాంలో మా అక్క ఒక ఇల్లు చూసింది, పనికి పంపించేస్తా. నా దగ్గర ఇంకో దారి లేదు" అన్నాడు. మంచివాడు. అందుకే భయమేసింది. చెడ్డవాడి మాట మార్చవచ్చు.

పాసవుతుంది, మషాకా. నా క్లాసులో ముందుగా పాసయ్యేది అదే. నాకు దిగులు పరీక్ష గురించి కాదు. నిన్న కిటికీలోంచి చూస్తూ అంది: "మేడమ్, రోడ్డు కూడా సమానం గుర్తులాగే ఉంది. అంచుల్లో రెండు తెల్ల గీతలు." నేను మెచ్చుకున్నాను. వెంటనే రెండో మాట వేసింది: "ఇటు ఇళ్ళన్నింటికీ x ఉంది. అటు ఒక్కదానికీ లేదేం?"

సాయంత్రం పిల్లలంతా నూలుతాడు పట్టుకుని రోడ్డు నడిమి నుంచి ఇటూ అటూ కొలిచారట. గుడ్ల న్దహానీ గోడ ఎంత దూరమో, బోసి సైదీ ప్రహరీ అంతకంటే దగ్గర. నన్నడిగారు. తర్వాత చెబుతానన్నాను. నేను ఎవరికీ ఎప్పుడూ 'తర్వాత' అనలేదని నీకు తెలుసు.

అయికాండే


డొడోమా
జూన్

అయికా,

తొందరలో రాస్తున్నాను. త్రాసు పాఠం బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ త్రాసును కొట్టులోనే ఉంచు, రోడ్డు మీదికి తేకు.

సైదీ గారు మీ పాఠశాల కమిటీలో ఉన్నారని నీకు తెలుసు. మీ క్లాసు మీద ఉన్న రేకులు ఆయన వేయించినవే. మొన్న మా పెద్ద దగ్గరికి వచ్చి వెళ్ళారు. నవ్వుతూనే అన్నారట, మా ఊరి లెక్కల మేడమ్ నన్ను పాఠంలో పెట్టిందని. మా పెద్ద కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఒక్కమాట విను. వేదిక మీద ఓడితే కప్పు పోతుంది. బయట ఓడితే మనుషులు పోతారు. ఆ పిల్లను పరీక్ష దాకా తీసుకెళ్ళు, చాలు. రోడ్డు ఎటు వంగాలో నువ్వూ నేనూ నిర్ణయించేది కాదు.

మషాకా


చిలుంగా
సెప్టెంబరు

మషాకా,

ముందుగా ఒక చిన్న విషయం గమనించానని చెప్పనీ. గత ఉత్తరంలో నువ్వు 'సైదీ గారు' అన్నావు. విశ్వవిద్యాలయంలో ఉపకులపతిని కూడా ఒట్టి పేరుతో పిలిచిన నోరు నీది.

జరిగింది చెబుతాను. శుక్రవారం పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, సికుజువా ఒక డబ్బా ఎర్ర రంగూ చీపురుకట్టా పట్టుకుని రోడ్డు దాటింది. బోసి సైదీ తెల్లటి ప్రహరీ మీద తన నిలువెత్తు x గీసింది. రంగు చుక్కలు కారకుండా, రోడ్ల వాళ్ళు గీసినదానికంటే అందంగా గీసింది. గీసి పారిపోలేదు. బంకు కుర్రాళ్ళు పట్టుకునేదాకా అక్కడే నిలబడి, పక్కనే ఇంకేదో రాయబోతోందట. ఏమిటని అడిగితే "జవాబు కింద రెండు గీతలు గీయాలి కదా" అందట. నేనే నేర్పాను. జవాబు వచ్చాక కింద రెండు గీతలు గీస్తే ఇక దానిలో మార్పు లేదని.

హెడ్‌మాస్టరు లెసిల్వా గారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు చెప్పింది లెక్కేనా?" అన్నారు. ఆయన పిరికివాడే కానీ దుర్మార్గుడు కాడు. వచ్చే బుధవారం కమిటీ కూర్చుంటుంది. సైదీ ఒకటే పట్టు పట్టాడు: పిల్లను బడి నుంచి తీసేయాలి. లెసిల్వా గారి వాదం ఇది: ఆ పిల్ల పాఠంలో ఉన్నదాన్నే అతిగా అనుసరించిందని తేలితే మందలించి వదిలేయవచ్చు, పాఠంలో లేనిదాన్ని ఎవరో నూరిపోశారని తేలితే తీసేయవలసిందే. తేల్చడానికి ప్రాంతీయ కార్యాలయం నుంచి ఒక అధికారిని రమ్మన్నారు. ఆ అధికారివి నువ్వే.

ఇంతకాలం నీతో వాదించాను. ఈసారి అడుగుతున్నాను. అడగడం నాకు చేతకాదు, తప్పులుంటే దిద్దుకుని చదువు. సమానానికి ఇటు చేసింది అటూ చేయాలన్నది మన పాఠ్యప్రణాళికలో ఉందా అని నిన్ను అడుగుతారు. ఉంది అని చెప్పు. అబద్ధం చెప్పమనడం లేదు, సాహసం చేయమనడం లేదు. రెండో ఫారం పుస్తకం తెరిచిన ప్రతివాడికీ కనిపించే మాట అది. ఆ ఒక్క మాట మీద ఆ పిల్ల నవంబరులో పరీక్ష గదిలో ఉంటుందో, ఎవరి వంటింట్లోనో ఉంటుందో తేలిపోతుంది.

మధ్యాహ్నం బస్సుకు వస్తావు కదా. స్టాపు దగ్గర ఉంటాను. ఉగాలీ, నీకిష్టమైన జిగురాకు కూరా చేసి ఉంచుతాను.

అయికాండే


డొడోమా
సెప్టెంబరు

అయికా,

వస్తాను. దిగులుపడకు. నాకు వదిలెయ్.

మ.


చిలుంగా
అక్టోబరు

శ్రీయుత ప్రాంతీయ తనిఖీ అధికారి గారికి,

నమస్కారాలు. బుధవారం మధ్యాహ్నం బస్సు స్టాపు దగ్గర నేను మీకోసం నిలబడ్డాను. మీరు ముందురోజే కార్యాలయం జీపులో వచ్చి, బోసి సైదీ గెస్ట్‌హౌసులో దిగారని గుడ్లమ్ముకునే పిల్లలు చెప్పారు. కూర న్దహానీ ఇంటికి పంపించాను. వృథా కాలేదు.

సభలో ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా రాస్తున్నాను. మాట కాగితం మీద నిలవాలన్న సూత్రం మీదే.

ఆ పిల్ల లోపలికి రాగానే అందరికంటే ముందు మీ వైపు తిరిగి, తల వంచి, షికమో అని దండం పెట్టింది. పసిపిల్ల దండానికి దారిన పోయే తాగుబోతు కూడా మరహబా అని బదులిస్తాడు. మీరు కాగితాలు సర్దుకున్నారు.

"గోడ మీద రంగు పూసింది నువ్వేనా?" అని లెసిల్వా గారు అడిగారు.

"అవునండీ."

"ఎందుకమ్మా?"

"ఇటు వేశారు, అటు వేయలేదండీ. లెక్క తప్పింది. సరిచేశాను."

అప్పుడు బోసి సైదీ పొట్ట కదిలేలా నవ్వాడు. ఆయనను నేను తక్కువ అంచనా వేశాను. దారి మూస్తాడనుకున్నవాడు దారి తెరిచాడు. "పాపం, పిల్లని భయపెట్టకండయ్యా. ఇంగ్లీషు ముక్కలో నా పేరు వినబడిందంట. బోసి సైదీ మీద చెయ్యమని మేడమ్ చెప్పిందనుకుని నా గోడ మీద చేసేసింది. అంతే కదా తల్లీ? పొరపాటైపోయిందని ఒక్క మాట అనెయ్. సున్నం నేనే వేయించుకుంటా, నువ్వు పోయి చదువుకో."

అందరూ ఆ పిల్ల వైపు చూశారు. తండ్రి కళ్ళతోనే బతిమాలాడు. నేనూ, నిజం రాస్తున్నాను, అనెయ్యమనే మనసులో అనుకున్నాను.

"మొదట్లో అట్టాగే అనుకున్నామండీ" అంది సికుజువా. "తర్వాత మేడమ్ మన భాషలో చెప్పారు. అర్థమైంది. అర్థమయ్యాకే వేశాను."

బోసి సైదీ నవ్వు ఆగింది. లెసిల్వా గారు మీ వైపు తిరిగారు. చెమట తుడుచుకుంటూ, మీకు చేయూతనిస్తున్నట్టే అడిగారు: "అయ్యా, సమానానికి ఇటు చేసింది అటూ చెయ్యాలన్నది మన పాఠ్యప్రణాళికలో ఉంది కదా?"

ప్రశ్నలోనే జవాబు పెట్టి మీ నోటికి అందించారాయన. మీరు నమిలి మింగితే చాలు. మీరు గొంతు సవరించుకుని, చర్చావేదిక మీద నిలబడే పద్ధతిలోనే, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, ఇలా అన్నారు: "పాఠ్యప్రణాళికలో ఉన్నది ఇంగ్లీషులో ఉంది. ఈ భాషలో, ఈ ఊరి ఉదాహరణలతో చెప్పమని ఎక్కడా లేదు."

ప్రతి పదమూ నిజం. నిజాలతో అంత పెద్ద అబద్ధం కట్టడం మీకే సాధ్యం. ఒకప్పుడు ఆ విద్య చూసి నేనే మురిసిపోయి బల్ల చరిచాను.

పిల్లకు జనవరి దాకా బడి గేటు మూశారు. పరీక్ష నవంబరులో. నాకు హెచ్చరిక ఇచ్చారు, అది చిన్న సంగతి. బయటికి వస్తుంటే, క్లాసులో ఎన్నడూ నోరు విప్పని ఒక పిల్ల నా పక్కన నడుస్తూ అంది: "మేడమ్, ఆ పెద్దాయన మీకు తెలుసంట కదా. మనోడే అన్నారు కదా మీరు."

అన్నాను. తనిఖీకి వచ్చేది మనవాడే, చెవులు మన పక్షమే అని క్లాసులో గొప్పగా చెప్పుకున్నాను.

భవదీయ,
అయికాండే, గణిత ఉపాధ్యాయిని


డొడోమా
అక్టోబరు

అయికా,

'మీరు' అని రాశావు. మాట పడటం నాకు అలవాటే, నీ 'మీరు' అలవాటు లేదు.

నువ్వు చూడనిది చెబుతాను. సైదీ అప్పటికే పోలీసు స్టేషనులో కాగితం పెట్టి ఉన్నాడు. ఆస్తి ధ్వంసం, ప్రభుత్వ గుర్తును దుర్వినియోగం చేయడం, ప్రేరేపించినవాళ్ళ పేరుతో సహా. మంగళవారం ఆ గెస్ట్‌హౌసులో కూర్చుని అది వెనక్కి తీసుకోమని బతిమాలాను. బడి నుంచి శాశ్వతంగా తీసేయమన్నవాణ్ణి జనవరి దాకా అన్న మాటకు ఒప్పించాను. దానికి ఒక్కటే షరతు: తప్పు పాఠంలో ఉందని తేలాలి, రోడ్డులో కాదు. 'ఉంది' అని నేను అని ఉంటే నువ్వు గెలిచేదానివి, ఆ పిల్ల లాకప్పులో ఉండేది. నువ్వు కోరిన ఒక్క మాట ఖరీదు అది.

ఇంకొకటి. కోపం వస్తుంది, రానీ. ఆ డబ్బా సికుజువా చేతిలో ఉంది. ఆ చేతిలో నీ వాదం ఉంది. నువ్వు రోడ్డు దాటలేదు, అయికా. అది దాటింది. విశ్వవిద్యాలయంలో నీ తరఫున బల్లలు చరచడానికి హాలు నిండా మనుషులుండేవారు. అక్కడ నీకు దొరికింది ఆ పిల్ల ఒక్కతే.

పరీక్ష వచ్చే ఏడాది రాయవచ్చు. తండ్రిని ఆపు. బస్సు ఖర్చులూ పుస్తకాలూ నేను చూసుకుంటాను. ఈ కుర్చీలో కూర్చుని చేయగలిగింది చేస్తున్నాను. కుర్చీ వదిలేస్తే అది కూడా చేయలేను.

నీ ప్రతిపక్షం,
మషాకా


చిలుంగా
నవంబరు

మషాకా,

మళ్ళీ 'నువ్వు' అంటున్నాను. 'మీరు'కు గౌరవం ఖర్చవుతుంది. 'గౌరవనీయ' అన్న మాట తిరిగి పెట్టలేదు, గమనించే ఉంటావు.

ఆ పిల్ల చేతిలో ఉన్నది నా వాదమన్నావు. తగిలింది. తగలాలనే రాశావు, గురి నీకెప్పుడూ తప్పదు. కానీ ఒక్క ఖండన. నా వాదమే అయితే బోసి సైదీ దారి తెరిచినప్పుడు నాలాగే మనసులో గొణుక్కుని బయటపడేది. అర్థమయ్యాకే వేశానన్న మాట నాది కాదు, నాకు అంత ధైర్యం లేదు. అది దానిదే. ఆ మాటను నువ్వు నా దగ్గర నుంచి తీసేస్తే పోయేది కాదు, దాని దగ్గరే తీసేయవలసి వచ్చింది. తీసేశావు.

పోలీసు కాగితం నిజమే కావచ్చు. ఆ సంగతి సభకు ముందు నాకూ న్దహానీకీ చెప్పి ఉంటే, జైలో బడో మేమే ఎంచుకునేవాళ్ళం. నువ్వు మా తరఫున ఎంచుకున్నావు, మా భాషలో మాకు చెప్పకుండా. నీ తీర్మానం నీకే గుర్తుచేయనా? వద్దులే.

గత వారం యంత్రం వచ్చింది. ఇటువైపు ఇళ్ళు ఒక పూటలో నేలమట్టమయ్యాయి. అటువైపు ప్రహరీకి సున్నం వేశారు. న్దహానీని ఆపమన్నావు. ఏ ఇంటి గుమ్మంలో నిలబడి ఆపమంటావు? ఇల్లే లేదు. పరీక్ష మొదలైన ఉదయమే దార్ ఎస్ సలాం బస్సు ఎక్కించాడు. అది మా బడి ముందు నుంచే పోతుంది. పిల్లలు లోపల రాస్తున్నారు. సమీకరణం ప్రశ్న వచ్చింది, చాలామంది చేశారు. ఒకడు బయటికి వచ్చి, "మేడమ్, బోసి సైదీ నుంచి నాలుగు తీశాను, సరిగ్గా వచ్చింది" అని చెప్పి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ ఉదయం బస్సు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళాను. బడి లేని వేళల్లో నాన్నతో పాటు బయట నిలబడి కిటికీలోకి గుడ్లందించే పిల్ల, ఈసారి లోపల కూర్చుంది. వాళ్ళ నాన్న బయటి నుంచి గుడ్లందించాడు. తానే ముందు మాట్లాడింది.

"మేడమ్, మీరు ఒకసారి ఇంకో పద్ధతి కూడా చెప్పారు కదా. దాటితే గుర్తు మారుతాదని."

"చెప్పాను. అది సరైన పద్ధతి కాదమ్మా."

"ఆ పెద్దాయన ఆ పద్ధతిలోనే చదువుకున్నాడేమో మేడమ్" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆలోచిస్తోంది. కండక్టరు బస్సు మీద చరిచి పోనీయమని అరిచాడు. ఇంజను శబ్దంలో మెడ బయటికి పెట్టి అడిగింది: "మేడమ్, అటు పోయి గుర్తు మార్చుకున్నది, మళ్ళీ ఇటు దాటి వస్తే? పాత గుర్తు వస్తాదా?"

లెక్కలో వస్తుందని చెప్పాను.

మనుషుల సంగతి అది అడగలేదు. నేనూ చెప్పలేదు.

అయికాండే